ట్యూషన్ పిల్లాడి ఒంటి మీద దెబ్బలు: ఖాయంగా తెలియకుండానే చెప్పేయొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మర్రిపాలెంలో ఇంట్లోనే ట్యూషన్ చెబుతున్నారు. రెండో తరగతి చదివే ఏడేళ్ల బాబు నాలుగు నెలలుగా వస్తున్నాడు. మొదట ఒకసారి చెవి కమిలి ఉంటే ఆటల్లో తగిలిందేమో అనుకున్నారు. పోయిన వారం తొడ వెనక వంకీ తిరిగిన వాతలు కనబడితే అడిగారు, మెట్ల మీంచి పడ్డానన్నాడు. పైగా శనివారాలు మాత్రం ట్యూషన్ అయిపోయినా సంచి సర్దకుండా కూర్చుంటాడు, "నేనెల్లను మేడం" అంటాడు. వాళ్లమ్మ బట్టల షాపులో పనిచేసి రాత్రి తొమ్మిదికి వస్తుంది, ఇంట్లో ఇంకా ఎవరెవరుంటారో మీకు సరిగ్గా తెలీదు. ఖాయంగా తెలియకుండా ఎవరికైనా చెబితే, అది పొరపాటైతే, నా పేరు బయటపడితే, అసలు ముందు వాళ్లమ్మతో మాట్లాడాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈరోజే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతుంది. ఫోన్ చేసేలోపు బాబుని ఇంకేమీ అడక్కండి. వాళ్లింట్లో ఎవరికీ ముందుగా చెప్పకండి. ఖాయం చేసుకునే పని అసలు పెట్టుకోకండి. నిజమో కాదో తేల్చడానికి జీతాలు తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు. మీరు చూసింది చూసినట్టు చెబితే చాలు, అనుమానం చాలు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ఇరవై ఏళ్ల పైమాటే, వైజాగ్‌లో పిల్లల సహాయ పనిలో ఉన్నాను. మొదట్లో రైల్వే స్టేషన్‌లో, రైళ్లు దిగి దిక్కులు చూసే పిల్లల కోసం ప్లాట్‌ఫాం మీద రాత్రి డ్యూటీలు, తర్వాత ఫోన్ వస్తే ఇళ్లకి వెళ్లి చూసే పని, ఇప్పుడు పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లలకి తోడుగా పోలీసుల దగ్గరికీ ఆసుపత్రికీ కోర్టుకీ వెళ్లే సపోర్ట్ పర్సన్‌ని. డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఇదంతా.

మీరు చూసిన గుర్తుల సంగతి ముందు. పిల్లలు పడతారు, రోజూ పడతారు. పడినప్పుడు దెబ్బ తగిలేది ఎముక పైకి ఉండే చోట, అదీ ముందువైపు: మోకాలి చిప్ప, కాలి ముందు ఎముక, మోచెయ్యి, నుదురు, గడ్డం. నుదుటి మీద బొప్పి కట్టని పిల్లాడు ఈ ఊళ్లో ఉండడు. అదే చెవి, మెడ, బుగ్గ మెత్తటి భాగం, వీపు, పొట్ట, పిర్రలు, తొడల లోపలివైపు, తొడల వెనక కమిలిందంటే మాత్రం ఆగి చూడాలి. మెట్ల మీంచి పడితే చెవి కమలడం చాలా అరుదు, తలకీ భుజానికీ మధ్య అది దాక్కుని ఉంటుంది. ఎవరైనా మెలేస్తేనో, చెంప మీద చాచి కొడితేనో కములుతుంది. ఇక మీరు రాసిన వంకీ. సెల్‌ఫోన్ చార్జర్ వైరునో ఇస్త్రీపెట్టె వైరునో మడిచి కొడితే మడత దగ్గర సరిగ్గా అలా గుండ్రంగా తిరుగుతుంది, హెయిర్‌పిన్ ఆకారంలో. ప్రపంచంలో ఏ మెట్టూ అలాంటి గుర్తు వేయదు. బెత్తంతో కొడితే పక్కపక్కన రెండు ఎర్ర గీతలు తేలి మధ్యలో చర్మం పాలిపోయి ఉంటుంది, రైలు పట్టాల్లాగా. బెల్టుకి వెడల్పు ఉంటుంది, ఒక్కోసారి బకిల్ అచ్చు కూడా పడుతుంది.

కాబట్టి మీ విషయంలో నేను చూస్తున్నది చెవి ఒక్కటీ వాతలు ఒక్కటీ కాదు, చెప్పిన కథకీ గుర్తుకీ పొంతన లేకపోవడం. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది అదే. పిల్లాడు ఒకటి చెప్పి అమ్మ ఇంకొకటి చెప్పడం, నిన్న మెట్లన్నవాళ్లు ఇవాళ సైకిల్ అనడం, చెయ్యి విరిగితే మూడో రోజుకి ఆసుపత్రికి తీసుకురావడం, ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ ఉండి "తనే దొర్లి తగిలించుకుంది" అనడం. నాలుగైదు నెలల బిడ్డ ఒంటి మీద అలా కనబడితే అరగంట కూడా ఆలోచించొద్దు.

ఒక మాట, మచ్చ రంగు చూసి "ఇది ఆకుపచ్చగా మారింది, వారం కిందటిది" అని లెక్కలు కట్టకండి. సినిమాల్లో పోలీసులు కడతారు గానీ డాక్టర్లు కట్టరు. ఒకే రోజు తగిలిన రెండు దెబ్బలు రెండు రంగుల్లో ఉండొచ్చు.

అలాగే ప్రతి మచ్చా దెబ్బ కాదు. మన పిల్లల్లో చాలామందికి నడుం కిందా పిర్రల మీదా పుట్టుకతో నీలం మచ్చలు ఉంటాయి, నాలుగైదేళ్లకి పోతాయి. కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె అంగన్‌వాడీలో అది చూసి కంగారుపడి నాకు ఫోన్ చేసింది, వెళ్లి చూసి ఇద్దరం నవ్వుకున్నాం, అయినా ఫోన్ చేసినందుకు ఆమెని మెచ్చుకునే వచ్చాను. ఇంకోసారి కేజీహెచ్ పిల్లల వార్డు నుంచి పిలుపొచ్చింది, పాడేరు వైపు నుంచి తెచ్చిన బిడ్డ, పొట్ట మీద బొడ్డు చుట్టూ గుండ్రటి కాలిన మచ్చలు ఐదో ఆరో ఉన్నాయి. సిగరెట్టు అనుకున్నారు అందరూ. తీరా చూస్తే పచ్చకామెర్లకి వైద్యమని ఊళ్లో ఒక పెద్దాయన చేత వాతలు పెట్టించారు. ఆ తల్లి బిడ్డని ఎత్తుకుని కొండ దిగి, బస్సు పట్టుకుని వచ్చింది, బిడ్డంటే ప్రాణం. బిడ్డకి హాని జరగలేదని నేననను, జరిగింది, కానీ ఆమెతో మాట్లాడాల్సిన తీరు వేరు. ఇవన్నీ తేడా కట్టడం మీ వల్ల కాదు, నా వల్ల కూడా అన్నిసార్లూ కాదు.

పేదరికాన్ని నిర్లక్ష్యం అనుకోవడం ఇంకో పొరపాటు. జాలరిపేట వైపు ఒకామె తెల్లవారుజామున హార్బర్‌లో వేలానికి వెళ్తుంది, చేపలు కొనుక్కుని అటునుంచి అటే అమ్ముకుని పదకొండింటికి ఇల్లు చేరుతుంది. ఇద్దరు పిల్లలు ఒంటరిగా ఉంటున్నారు, తల దువ్వుకోరు, ఒకే గౌను మూడు రోజులు అని ఎవరో ఫోన్ చేశారు. వెళ్తే పిల్లలు అమ్మ రాగానే గంతులేసి బుట్ట పట్టుకున్నారు. అక్కడ కావలసింది పొద్దున పిల్లల్ని చూసుకునే మనిషి. చిన్నదాన్ని అంగన్‌వాడీలో వేయించి, పెద్దదాన్ని బడికి పంపే పూచీ పక్కింటి అత్తకి అప్పజెప్పి వచ్చాం. ఫోన్ చేసినవాళ్లది తప్పేం లేదు. ఆ ఫోన్ వల్లే చిన్నదానికి రోజూ గుడ్డు దొరికింది.

ఇప్పుడు శనివారం సంగతి. నిజం చెప్పాలంటే మీ ప్రశ్నలో వాతల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. వాతలు కళ్లకి కనబడతాయి కాబట్టి మీరు వాటి గురించే నాలుగు వాక్యాలు రాశారు, శనివారం గురించి ఒక్క వాక్యం. వారంలో ఒక రోజు, ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక వ్యాన్: పిల్లల భయానికి ఇలా కచ్చితమైన చిరునామా ఉన్నప్పుడు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. శనివారం ఇంట్లో తాగే మనిషి ఉండొచ్చు, వారానికోసారి వచ్చే చుట్టం ఉండొచ్చు, లేదా పక్కింటి కుక్క ఆ రోజు విప్పి ఉండొచ్చు, ఏదైనా కావచ్చు. ఊహించకండి.

మగపిల్లాడు కదా, ఆ రకం భయం ఏముంటుంది అని మాత్రం అనుకోకండి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో, మన రాష్ట్రం కూడా ఉంది అందులో, 12,447 మంది పిల్లలతో మాట్లాడితే 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. ఆ చెప్పినవాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. పోక్సో చట్టంలో బాలుడికీ బాలికకీ తేడా లేదు, 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. చేసేవాళ్లు కూడా దారినపోయేవాళ్లు కాదు, దాదాపుగా అందరూ తెలిసినవాళ్లే, ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్లేవాళ్లే.

ప్రవర్తనలో ఏం చూడాలి అని అడగబోతారు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒక మనిషి పేరు వింటేనే బిగుసుకుపోవడం, వయసుకి మించిన మాటలో చేష్టలో, కూర్చోడానికీ ఒంటికెళ్లడానికీ ఇబ్బంది పడటం, తిండి దాచుకోవడం, లేదూ మరీ ఎక్కువ బుద్ధిగా ఉండటం, పెన్సిల్ కింద పడితే కూడా "సారీ మేడం సారీ మేడం" అనడం. అయితే వీటిలో సగం ఇంట్లో చెల్లెలు పుట్టినా వస్తాయి, అమ్మానాన్నా గొడవపడుతున్నా వస్తాయి. అందుకే ఒక్క దాన్ని పట్టుకుని ఏమీ అనలేం. రెండు మూడు ఒకచోట కలిస్తే, పైగా దెబ్బ గుర్తు కూడా ఉంటే, ఫోన్ చేయడానికి అంతకంటే ఏం కావాలి?

బాబుని అడక్కండి అని ఎందుకన్నాను. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది, చెప్పుకోవడం అంత సుఖంగా ఉండదు. పోక్సో వచ్చిన కొత్తలో, అంటే 2012 నవంబరు 14న చట్టం అమల్లోకి వచ్చింది కదా, ఆ తర్వాత ఒకటి రెండేళ్లకి, ఆరేళ్ల పాప కేసు. నేనే మొదట వెళ్లాను. పాప నా ఒళ్లో కూర్చుని గాజులు తిప్పుతూ "తాత ఆట ఆడతాడు" అంది, ఊరుకుంది. నాకు కడుపులో దేవినట్టయింది. ఆగలేక అడిగేశాను: "తాత ఇక్కడ చెయ్యి వేశాడా?" తలూపింది. "చెప్పొద్దన్నాడా?" తలూపింది. "మరి మామయ్య కూడానా?" దానికీ తలూపింది. అన్నీ నా చారల నోటు పుస్తకంలో రాసుకున్నాను, నిజాయితీగా, నా ప్రశ్నలతో సహా. ఏడాదిన్నర తర్వాత కోర్టులో ఆ పుస్తకం నా చేతికిచ్చి నా చేతే చదివించారు అవతలి లాయరు. మామయ్య అప్పటికి రెండేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాడు. "అంటే మీరేం అడిగినా పాప తలూపుతుందన్నమాట" అన్నాడు లాయరు, అంతే, కూర్చున్నాడు. ఆ కేసు నిలబడలేదు. పాప నిజం చెప్పిందని నాకు ఇప్పటికీ నమ్మకమే. దాన్ని పాడు చేసింది తాతా కాదు లాయరూ కాదు, నా తొందర.

కాబట్టి బాబు తనంతట తను ఏదైనా చెబితే వినండి. చేతిలో పని పక్కన పెట్టి, మొహంలో భయం కనబడనీయకుండా. "ఊఁ, చెప్పు", "తర్వాత?" ఈ రెండు మాటలు చాలు. "నువ్వు చెప్పడం మంచిదయింది, నీ తప్పేం లేదు" అనండి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అని అడక్కండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి, పిల్లలు తప్పకుండా ఒట్టు అడుగుతారు. "నీకు సాయం చేసేవాళ్లకి మాత్రం చెబుతాను" అనండి. వాడు వెళ్లాక తారీఖు, టైము వేసి వాడి మాటలు వాడి మాటల్లోనే రాయండి. "ఆడొచ్చి నా నిక్కరు లాగేత్తాడు" అన్నాడనుకోండి, అలాగే రాయాలి. దాన్ని మీరు శుద్ధంగా "అతడు నాపై లైంగిక దాడికి పాల్పడ్డాడు" అని దిద్దితే, ఏడేళ్ల పిల్లాడు ఇలా మాట్లాడతాడా అని మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

ఫొటోల గురించి. చొక్కా పైకెత్తి, నిక్కరు దించి ఫొటోలు తీయకండి. చెయ్యో మెడో మామూలుగా కనబడేది ఉంటే, అదీ బొమ్మ గీసి ఎక్కడ ఉందో రాసుకుంటే సరిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టడం అనేది ఆలోచనలోకి కూడా రానీకండి. ఒక అపార్ట్‌మెంట్‌లో పనిమనిషిగా పెట్టుకున్న పదమూడేళ్ల పిల్ల మొహం ఫొటో తీసి "చూడండి ఎలా కాల్చారో" అని గ్రూపులో పెట్టారు ఒకాయన, మంచి మనసుతోనే. గంటలో అది మూడు గ్రూపులు దాటింది, సాయంత్రానికి ఆ పిల్లని ఆ ఇంటివాళ్లు ఊరికి పంపేశారు. బాధిత పిల్లల్ని గుర్తుపట్టేలా ఏదైనా బయటపెట్టడం నేరం, అది చేసింది మంచివాళ్లయినా సరే.

వాళ్లమ్మతో ముందు మాట్లాడాలా? మీ ప్రశ్నలో అసలు బరువు ఇక్కడే ఉందని నాకు తెలుసు. మన పద్ధతి అదే కదా, ఇంటి గుట్టు, నలుగురిలో పరువు, ముందు మనలో మనం మాట్లాడుకుందాం. మాట్లాడితే ఏమవుతుందో చెబుతాను. కంచరపాలెంలో ఒక ఓనరమ్మ గారు మంచి ఉద్దేశంతో కింద వాటాలో ఉన్న తండ్రిని నిలదీసింది, "ఇంకోసారి బాబు ఏడుపు వినబడితే 1098కి చెప్పేస్తా" అని. రాత్రి చెప్పింది. మాకు పొద్దున ఫోన్ చేసింది. మేం వెళ్లేసరికి సామాను ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయారు, ఎటు వెళ్లారో ఎవరికీ తెలీదు. ఓనరు గారు అప్పటికే గేటుకి టులెట్ బోర్డు కట్టేస్తున్నారు. ఆ బాబు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలీదు.

వాళ్లమ్మ మంచిదే కావచ్చు. మంచిదై ఉండి ఆ కొట్టే మనిషికే భయపడుతూ కూడా ఉండొచ్చు. మీరు చెప్పింది ఆమె నోట అతనికి చేరితే దెబ్బలు ఇద్దరికీ పడతాయి, ట్యూషన్ మాన్పిస్తారు, వాడు బయటి మనుషుల్ని చూసే ఒక్క చోటు కూడా పోతుంది. గాజువాక వైపు ఇలాంటి కేసే ఒకటి, నాలుగో తరగతి అమ్మాయి. వెళ్లి చూస్తే పిల్ల కంటే తల్లి ఒంటి మీదే గాయాలు ఎక్కువ. హింస పడే ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం వాళ్లు తల్లిని చూసుకున్నారు, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండి అదే బడికి వెళ్లింది. అలాంటి తల్లులకి మహిళల సహాయవాణి 181 ఉంది. కానీ ఆ సంగతి మీరు వెళ్లి గుమ్మంలో నిలబడి తెలుసుకోలేరు.

మరి పిల్లల్ని కొట్టడం మన దగ్గర మామూలే కదా, ఒక చెంపదెబ్బకి కూడా ఫోన్ చేయాలా అంటారు. దండం దశగుణం భవేత్ అని చెప్పి పెంచారు మనల్ని. నాకూ మా నాన్న చేతిలో పడ్డాయి. నా లెక్క ఇది, చట్టం మాట కాదు: ఎప్పుడో ఒకసారి విసుగులో వీపు మీద ఒకటి వేసిన అమ్మతో నేను కూర్చుని టీ తాగుతూ మాట్లాడతాను. వస్తువుతో కొట్టినా, గుర్తు మిగిలేలా కొట్టినా, తల మీదా మెడ మీదా కొట్టినా, కాల్చినా, ఇంటికి వెళ్లడానికి పిల్లాడు భయపడినా, ఫోన్ చేస్తాను. మీ బాబు విషయంలో ఇందులో రెండు మూడు ఉన్నాయి. బడిలో టీచర్లు కొట్టడం సంగతి వేరే చర్చ అక్కర్లేదు, 2009 విద్యాహక్కు చట్టం దాన్ని పూర్తిగా నిషేధించింది.

ఫోన్‌లో ఏం చెప్పాలి? పేరు, తరగతి, ఏ బడి, మీ దగ్గర ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు ఉంటాడు, ఏ తారీఖున ఒంటి మీద ఎక్కడ ఏం చూశారు, ఏమన్నాడు, శనివారం విషయం, ఇంట్లో ఎవరుంటారో తెలియదన్న సంగతి. తెలియనిది తెలియదనే చెప్పండి. "నా పేరు బయటికి రానీయకండి" అని మొదటే చెప్పండి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. 2023 నుంచి ఈ సహాయవాణిని ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర నంబరు 112తో కలిపారు. కళ్ల ముందే కొడుతున్నారు, పిల్లాడు అరుస్తున్నాడు అంటే నేరుగా 112 కొట్టండి. రెండు రోజుల్లో ఏమీ కదలకపోతే మళ్లీ ఫోన్ చేయండి, విసుక్కుంటారేమో అని మొహమాటపడకండి. మేం కూడా ఒక్కోసారి ఒకే రోజు నాలుగు కేసుల వెంట తిరుగుతూ ఉంటాం.

ఆ తర్వాత జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లో సహాయవాణి వాళ్లో వెళ్తారు. "ఫలానా ట్యూషన్ మేడం చెప్పింది" అని తలుపు కొట్టరు. బాబుని బడిలో కలవడం మాకు అలవాటు, బడిలో ఇంకా ఎవరైనా గమనించారేమో కూడా అక్కడే తెలుస్తుంది. అవసరమైతే బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్తుంది, అధ్యక్షుడితో కలిపి ఐదుగురుంటారు, మేజిస్ట్రేటు అధికారాలుంటాయి. పిల్లాణ్ణి ఎత్తుకుపోయి హోంలో పడేస్తారేమో అనే భయం చాలామందికి. హోం అనేది ఆఖరి దారి అని బాలల న్యాయ చట్టమే చెబుతోంది. నేను చూసిన దెబ్బల కేసుల్లో చాలామంది పిల్లలు తమ ఇంట్లోనో అమ్మమ్మ ఇంట్లోనో ఉన్నారు, కొట్టినవాళ్లే దారికి వచ్చారు లేదా దూరమయ్యారు. అందరూ అని చెప్పను.

మీ పేరు, పొరపాటు, చట్టం. లైంగిక నేరం అనుమానం ఉంటే చెప్పడం పోక్సో 19వ సెక్షన్ కింద మనందరి బాధ్యత, తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. బడి, హాస్టల్ లాంటివి నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి సంగతి దాస్తే ఏడాది దాకా. హాస్టల్ ఆడపిల్లలు తన దగ్గర చెప్పుకున్నా పోలీసులకి చెప్పని ఒక డాక్టరు మీద కేసుని హైకోర్టు కొట్టేస్తే, 2022లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఉత్త దెబ్బలకి ఇలా చెప్పకపోతే శిక్ష అనేది లేదు, అయితే తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించడం బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం. మీరు ఇది ఏ సెక్షనో తేల్చక్కర్లేదు, 1098 రెంటికీ ఒకటే.

మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద, చివరికి అది తప్పని తేలినా, సివిల్ కేసూ క్రిమినల్ కేసూ ఉండదని ఆ 19వ సెక్షన్‌లోనే రాసి ఉంది. శిక్ష ఉన్నది కావాలని కక్షతో అబద్ధం చెప్పినవాళ్లకి. ఒక్కటి మాత్రం దాచకుండా చెబుతాను: 1098కి చెప్పడం వేరు, స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టి ఫిర్యాదు ఇవ్వడం వేరు. సంతకం పెడితే కాగితాల్లో మీ పేరుంటుంది, కోర్టుకి సాక్షిగా పిలవొచ్చు. భయపడేంత లేదు, నేను లెక్కలేనన్నిసార్లు ఎక్కాను ఆ బోనులో.

ఇక రేపు బాబు శనివారం గురించి మనం భయపడుతున్నదే చెప్పాడనుకోండి. అప్పుడు కొన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అక్కడ గంటలు లెక్క. జరిగి మూడు రోజుల్లోపైతే స్నానం చేయించకూడదు, వేసుకున్న బట్టలు ఉతక్కుండా న్యూస్ పేపర్లో చుట్టాలి, ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పట్టి పాడవుతాయి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఆసుపత్రికి వెళ్లడానికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు, కేజీహెచ్ అయినా ప్రైవేటు అయినా ముందు కాగితాలు తెమ్మని అడక్కూడదు, డబ్బు అడక్కూడదు. పరీక్షలో ఏమీ కనబడలేదంటే ఏమీ జరగలేదని కాదు, చాలామంది పిల్లల్లో పరీక్ష మామూలుగానే ఉంటుంది. ఇది తెలియక "డాక్టరే ఏం లేదన్నాడు" అని రాజీ పడిపోయిన ఇళ్లు చూశాను.

స్టేషన్‌లో "మా ఏరియా కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అనండి, ఎక్కడైనా రాసుకుని వాళ్లే బదిలీ చేయాలి. పిల్లాడి వాంగ్మూలం స్టేషన్‌లో కాకుండా ఇంట్లోనో, వాడికి నచ్చిన చోటో, యూనిఫాం వేసుకోకుండా వచ్చి తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని మహిళా అధికారి. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లో సమితికీ ప్రత్యేక కోర్టుకీ వాళ్లు తెలియజేయాలి. ఇవి నేను మంచి ఎస్సైల దగ్గర చూశాను, "పెద్దమనుషుల్ని పిలిచి మాట్లాడుకోండమ్మా" అన్నవాళ్లనీ చూశాను. అలా అన్నప్పుడు గొడవ పడకండి, అక్కడే నిలబడి వాళ్ల ముందే 1098కి ఫోన్ చేయండి. చాలాసార్లు మర్యాద వెంటనే మారుతుంది.

మీరు ఇంకా తటపటాయిస్తూ ఉంటే ఈ జవాబు కిందే అడగండి, రాత్రి పూట చూస్తాను. బాబు పేరూ బడి పేరూ మాత్రం ఇక్కడ రాయకండి, మీ ప్రశ్నలో వీధి పేరు కూడా ఉంది, అది తీసేయండి.

ఈలోపు ట్యూషన్ ఎప్పటిలాగే జరపండి. వాడిని ప్రత్యేకంగా జాలిగా చూడకండి, పిల్లలు వెంటనే పసిగడతారు. ఎల్లుండి శనివారం కదా, అందరికీ పరీక్షలకి లెక్కలు ఎక్కువున్నాయని చెప్పి క్లాసు ఒక గంట పొడిగించండి, కుదిరితే వాళ్లమ్మ వచ్చే వేళ దాకా. ఒక్కడినే ఆపకండి, ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిపి ఆపండి. లెక్కలు అయిపోతే బొమ్మలు వేసుకోనివ్వండి. ఏం వేశాడో అడక్కండి, ఆ కాగితం మాత్రం తారీఖు వేసి దాచండి.